రెండుసార్లు కొట్టే లైటు

మా బావ కళ్లు తెరిచి ఉన్న ఫోటో ఒకటి కావాలని మా అప్ప అడిగిన రోజు నేను విజయనగరంలో ఒక పెళ్లి పనిలో ఉన్నాను. అప్ప అంటే అక్క. మా వైపు అక్కని అలాగే పిలుస్తాం. ముహూర్తానికి ఇంకా పావుగంట ఉంది. ఫ్లాష్‌లో సెల్లులు మారుస్తుంటే ఫోను మోగింది. తాళి కట్టే వేళకి ఫోను మోగితే నాకు ఎక్కడలేని చిరాకు వస్తుంది. ఆ చిరాకుతోనే ఎత్తాను.

"ఒరే, నీ కాడ మీ బావ ఫోటో మంచిది ఏటన్నా ఉన్నాదేటి? కళ్లు తెరిసింది?"

"ఇప్పుడెందుకప్పా? పనిలో ఉన్నాను."

"ఊరికినే. కట్టించి ఉంచుదామని."

కట్టించడమంటే ఫ్రేము కట్టించడం. బతికున్న మనిషి ఒక్కడి ఫోటో పెద్దది చేయించి గోడకి పెట్టుకోవడం మా ఇళ్లలో లేదు. అలాంటి ఫోటో ఎప్పుడు గోడెక్కుతుందో అందరికీ తెలుసు. బావకి కిడ్నీలు పాడై అప్పటికి ఏడాది దాటింది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నాడు. అప్ప గొంతులో ఏడుపు లేదు, వణుకు లేదు. ఇంట్లో చింతపండు ఉందా అని అడిగినట్టు అడిగింది. "చూస్తానప్పా" అని పెట్టేశాను. ఆ పెళ్లిలో తాళి కట్టే ఫోటో ఎలా తీశానో నాకిప్పటికీ గుర్తు లేదు.

శ్రీకాకుళంలో, అరసవల్లి వెళ్లే దారిలో, నాకొక చిన్న స్టూడియో ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. మా చుట్టాల ఇళ్లలో ఏ శుభకార్యమైనా నేనే ఫోటోగ్రాఫర్ని. పిలిచినా పిలవకపోయినా కెమెరా సంచి భుజాన వేసుకుని వెళ్లిపోతాను. అందువల్ల బావ ఫోటోలు నా దగ్గర వందల్లో ఉన్నాయి. ఒక్కదానిలో కూడా ఆయన కళ్లు తెరిచి లేవు. మా ఇంట్లో ఇది పాత వేళాకోళం. ఆల్బం వచ్చిందంటే ముందు అందరూ బావ కోసం వెతికేవారు. పేజీ తిప్పడం, "ఇక్కడా నిద్రే!" అని పకపకా నవ్వడం. బావ కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు.

బావది నౌపడ. ఉప్పుమళ్లలో పని. వాళ్ల నాన్న చేసిన పనే. ఉప్పునీటిని మళ్లలోకి పెట్టి, ఎండ లాగేసిన తర్వాత అడుగున మిగిలిన ఉప్పుని చెక్కపారతో లాగి, గట్టు మీద కుప్ప పోయడం. చలికాలం చివర మొదలుపెడితే వానలు పడేదాకా అదే పని. పైన ఎండ, కింద తెల్లటి ఉప్పు, మధ్యలో మనిషి. అక్కడ పనిచేసే వాళ్లు కళ్లు చిట్లించి చిట్లించి చివరికి మొహాలే అలా మారిపోతాయి. అందుకని పగటి వెలుగులో తీస్తే బావ కళ్లు రెండు గీతల్లా పడేవి. ఇంట్లో తీద్దామంటే పాత పెంకుటిల్లు, మధ్యాహ్నం కూడా మసక. ఫ్లాష్ వెయ్యక తప్పదు. ఫ్లాష్ వేస్తే రెప్పలు పడతాయి.

ఫ్లాష్ గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. నా తప్పంతా దానిలోనే ఉంది.

నేను పని నేర్చుకున్న స్టూడియో ముసలాయన దగ్గర ఒక పాత ఫ్లాష్ ఉండేది. ఇటుకంత బరువు. దాని వీపున ఒక పట్టిక అతికించి ఉండేది, ఎన్ని అడుగుల దూరానికి ఎంత బలం పెట్టాలో. మనిషి ఎంత దూరంలో ఉన్నాడో కంటితో కొలిచి, పట్టిక చూసి, బలం మనమే తిప్పి పెట్టుకోవాలి. ఆయన పెళ్లిపీటల ముందు నిలబడి పెదవులు కదుపుతూ అడుగులు లెక్కపెట్టుకుంటుంటే నాకు నవ్వొచ్చేది. "ఫ్లాషు కొంటే తల తిరిగీది కొను, బలం నీ సేత్తో ఎట్టుకునీది కొను. మిగతాదంతా సోకు" అని ఆయన చాలాసార్లు చెప్పాడు. నేను సొంతంగా స్టూడియో పెట్టుకున్నాక చేసిన మొదటి పని ఆయన మాట పెడచెవిన పెట్టడం. కొట్లో ఉన్నవాటిలో ఖరీదైన ఆటోమేటిక్ ఫ్లాష్ కొన్నాను. అది కెమెరాతో తనే మాట్లాడుకుంటుంది, దూరం తనే చూసుకుంటుంది, ఎంత వెలగాలో తనే వెలుగుతుంది. మనం నొక్కడమే. ముసలాయనకి చూపించడానికి ప్రత్యేకంగా వెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగున్నాది. మరి నువ్వేటి సేస్తావు?" అన్నాడు. అసూయ అనుకున్నాను.

అబద్ధం ఎందుకు, ఆ ఫ్లాష్ బాగానే పనిచేసింది. దాని తల పైకి తిప్పి కప్పు మీదకి కొడితే వెలుగు మెత్తగా కిందకి దిగి మొహాల మీద పడేది. కాకపోతే కప్పు తెల్లగా ఉండాలి. అది తెలియక మొదటి ఏడు ఎర్ర షామియానా మీదకి కొట్టాను. పెళ్లికూతురు నూటమూడు జ్వరం ఉన్నట్టు పడింది. వాళ్ల నాన్న ఆల్బం చూసి "నా కూతురికి ఏటి సేసేవురా?" అని నిలదీశాడు. పెంకుటిళ్లలో పైకి కొడితే వెలుగంతా పెంకుల్లోకి పోయేది. అప్పుడు ఫ్లాష్ తలకి ఒక తెల్ల అట్టముక్కని రబ్బరుబ్యాండుతో కట్టడం నేర్చుకున్నాను. ఇలా అన్నీ దెబ్బలు తిని నేర్చుకున్నవే. ఫ్లాష్‌తోపాటు పెట్టెలో ఒక పుస్తకం వచ్చింది. దాని ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. చదివి నేర్చుకునే అవసరం నాలాంటి వాడికి ఏముంటుందని నా ధీమా.

మేనకోడలి పెళ్లి నౌపడలోనే జరిగింది. బావ పీటల మీద కూర్చుని అల్లుడి కాళ్లు కడుగుతున్నాడు. ఏ తండ్రికైనా అది ముఖ్యమైన ఫోటో. తీశాను, కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తీశాను, మళ్లీ మూసుకున్నాడు. పంతులుగారు మంత్రం ఆపి నా వైపు చూశారు. వెనకాల ఆడవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. ఐదోసారి కూడా అంతే అయ్యేసరికి నాకు కోపం నషాళానికెక్కింది.

"ఒక్క క్షణం కళ్లు తెరిచి చావు బావా!" అన్నాను. మైకు పంతులుగారి ముందే ఉంది. పందిరంతా వినపడింది.

బావ చెంబు పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి, "నీ లైటు రెండుసార్లు కొడతాదిరా. మొదటి దెబ్బకే మూసుకుపోతన్నాయి" అన్నాడు.

"ఒక్కసారే కొడుతుంది. నీకు రెండు కనబడుతున్నాయంటే వెళ్లి కళ్లు చూపించుకో."

జనం పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి కుర్రాళ్లు ఆయన్ని "రెండు లైట్ల మావ" అని ఏడిపించేవారు. తర్వాత కూడా ఒకటి రెండు శుభకార్యాల్లో బావ ఆ మాట అన్నాడు. నేను వినలేదు. ఇక అనడం మానేశాడు. నేను కెమెరా ఎత్తడం కనబడితే చాలు, ముందే రెప్పలు దించేసేవాడు. దెబ్బ పడుతుందని తెలిసిన మనిషి ముడుచుకున్నట్టు. ఇప్పుడు అనుకుంటే సిగ్గేస్తుంది కానీ, అప్పుడు నాకు అది మొండితనంలా కనిపించింది.

అప్ప ఫోను చేసిన తర్వాత మూడు రోజులు పాత డిస్కులన్నీ తీసి వెతికాను. మేనకోడలి చెవులు కుట్టించినప్పటివి, గృహప్రవేశానివి, అమ్మవారి పండగకి కోళ్లు పట్టుకుని నిలబడినవి. ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతుంటే మొదటి గంట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు పోయింది. కొత్త చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, కళ్లు మూసుకుని ఉన్న మనిషి, ఏడాది తర్వాత ఏడాది. ఆ కళ్లు మూసిన మొహాలని అంతసేపు వరసగా చూడటం మంచిది కాదనిపించి లేచి బయటకి వచ్చేశాను.

మా పనిలో ఇలాంటి వాటికి ఒక ఉపాయం ఉంది. ఒక ఫోటోలో కళ్లు మూసుకుంటే అదే మనిషిది ఇంకో ఫోటోలోంచి కళ్లు తెచ్చి కంప్యూటర్లో అతికించేస్తాం. నేను తీసినవాటిలో బావకి ఆ ఇంకో ఫోటో లేదు. మేనకోడలివి అచ్చం తండ్రి కళ్లే అని అందరూ అంటారు కదా అని ఆ పిల్ల కళ్లు తెచ్చి అతికించాను. చక్కగా అతికాయి. అతికిన తర్వాత తెరమీద బావ మొహంలోంచి మేనకోడలు నన్ను చూస్తోంది. ఆ ఫైలు తుడిచేసి, కంప్యూటరు కట్టేశాను.

అప్పకి ఫోను చేసి, మీ పెళ్లి ఫోటోలో బావ కళ్లు తెరిచే ఉన్నాయి కదా, అదే పెద్దది చేయిస్తానన్నాను. వాళ్ల పెళ్లికి ఫోటోలు తీసింది ఆ ముసలాయనే.

"ఆ కుర్రోడెవుడో నాకు గురుతునేదురా" అంది అప్ప. "ఆ మీసం, ఆ జుట్టు. నాతో కాపరం సేసిన మనిషి కాదది. ఆధారు కార్డులోనూ తెరిసే ఉన్నాయి. కానీ దొంగని పట్టుకున్నట్టున్నాది. అది కట్టించలేను. నువ్వే వచ్చి తియ్యి."

ఆమదాలవలసలో పాసింజరు ఎక్కి నౌపడలో దిగాను. బావ వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. సగమైపోయాడు. ఎడమ చేతి మీద సూదులు గుచ్చే చోట నరం తాడులా ఉబ్బి ఉంది. ఎలా ఉంది బావా అంటే, "ఏటున్నాది? ఆటో ఎక్కడం, కుర్సీలో కూకోడం, టీవీ సూడ్డం, వచ్చీడం. పనికెల్లడం కన్నా ఇదే సుకం" అన్నాడు. మా అప్పకీ ఇదే మాట చెప్పేవాడట. వీధిలో ఇంకో రోగి ఉన్నాడు, ఇద్దరూ కలిసి ఆటోలో వెళ్లి వచ్చేవారు. అప్ప వస్తానంటే ఒప్పుకునేవాడు కాదు. గేదెని ఎవరు చూస్తారని సాకు చెప్పేవాడు. అప్ప ఒక్కసారి కూడా అక్కడికి వెళ్లలేదు.

ఆ రోజు పాతిక ఫోటోలు తీశాను. అన్నీ మూతలే. ఆయనే, తప్పు చేసినవాడిలా, నెమ్మదిగా అన్నాడు.

"నీ లైటు రెండుసార్లు కొడతాదిరా. నువ్వు నమ్మవు. మొదట సిన్నది, మిణుకుమన్నట్టు. ఎనకాలే పెద్దది. సిన్నది కొట్టగానే రెప్ప పడిపోతాది. నాను మూద్దామని మూయను."

చుట్టూ జనం లేరు, మైకు లేదు, నవ్వేవాళ్లు లేరు. మొదటిసారి ఆ మాట నా చెవిలో పడింది. చిన్నది, వెనకాలే పెద్దది. కళ్లు దెబ్బతిన్న మనిషి అంత వివరంగా చెప్పడు.

మర్నాడు పొద్దున్నే స్టూడియో తలుపు తీసి, ఫ్లాష్ కెమెరాకి పెట్టి, ఎదురుగా నా సెల్‌ఫోను నిలబెట్టి, నెమ్మదిగా తిరిగే స్లోమోషన్ వీడియో పెట్టి ఒకసారి నొక్కాను. వీడియో చూశాను. చిన్న వెలుగు ఒకటి వచ్చి ఆరింది. తర్వాత పెద్దది వచ్చింది. మళ్లీ చూశాను. రెండు. పుస్తకం వెతికి తీసి, ప్లాస్టిక్ కవరు చింపి చదివాను. అందులో రాసే ఉంది. ఎంత వెలగాలో తెలుసుకోవడానికి ఆటోమేటిక్ ఫ్లాష్ ముందుగా ఒక చిన్న వెలుగు కొట్టి కొలుచుకుంటుంది. ఆ తర్వాత అసలుది కొడుతుంది. రెండింటికీ మధ్య ఎడం ఎంత తక్కువంటే మనకి ఒక్కటిగానే కనబడతాయి. కొందరికి మాత్రం, రెప్ప చురుకైన వాళ్లకి, చిన్నదానికే కన్ను మూతపడిపోతుంది. దానికి మందు కూడా రాసి ఉంది. ఒక బొత్తాం నొక్కి ఆటోమేటిక్ తీసేసి, బలం మన చేత్తో పెట్టుకోవడం. అప్పుడు లైటు ఒక్కసారే కొడుతుంది. ముసలాయన దగ్గరున్న ఇటుకలాంటి ఫ్లాష్ కొట్టినట్టు.

ఒక బొత్తాం. ఏళ్ల తరబడి రోజూ నా బొటనవేలు దాని పక్కనే ఉంది. జీవితమంతా వెలుగులో నిలబడి పనిచేసిన మనిషి, వెలుగు గురించి నా కన్నా ఎక్కువ తెలిసిన మనిషి, ఉన్నది ఉన్నట్టు చెప్తే నేను పందిరి నిండా జనం ముందు ఆయన్ని గుడ్డివాణ్ణి చేశాను. ఆ పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. ఎవరో పాస్‌పోర్టు ఫోటోకి వచ్చి, గుమ్మంలో నన్ను చూసి, తర్వాత వస్తామని వెళ్లిపోయారు.

ఆ వారంలోనే మళ్లీ వెళ్లాను, డయాలసిస్ లేని రోజు చూసుకుని. బావకి ముందు ఆ వీడియో చూపించాను. ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఇంకోసారి వెయ్యమన్నాడు. ఇంకోసారి వేశాను.

"సెప్పానా?" అన్నాడు. పెద్దగా అనలేదు.

"చెప్పావు బావా. నేనే వినలేదు. ఆ రోజు పెళ్లిలో నేనన్న మాట..."

"పోన్లేరా. దానికేటి? నీ మీద కాదు, ఆ లైటు మీద కోపం ఉండీది నాకు." ఫోను నా చేతికిచ్చి, "ఉప్పుమళ్ల కాడికి తీసుకెల్తావేటి? శానా రోజులైంది" అని అడిగాడు.

ఆటో మాట్లాడి తీసుకెళ్లాను. పొద్దు వాలిపోయింది, ఎండ లేదు. అందువల్ల బావ మొహం ముడుచుకోలేదు. కాలవ గట్టు మీద ఒక పాత బల్ల ఉంటే కూర్చోబెట్టాను. దాని పక్కనే ఇంకా తాటాకు కప్పని కొత్త ఉప్పు కుప్ప. నేను ఫ్లాష్‌ని కెమెరా మీంచి తీసి చిన్న స్టాండుకి బిగించి, దాని తలని బావ వైపు కాకుండా ఉప్పు కుప్ప వైపు తిప్పాను. ఏ షామియానా కన్నా, ఏ సున్నం గోడ కన్నా తెల్లగా ఉంది ఆ కుప్ప. బొత్తాం నొక్కి ఆటోమేటిక్ తీసేశాను. దూరం అడుగులతో లెక్కపెట్టుకున్నాను. నా పెదవులు కూడా కదిలే ఉంటాయి.

"బావా, ముందు ఊరికే ఒకసారి కొడతాను. ఎన్నో చెప్పు."

కొట్టాను.

"ఒకటే" అన్నాడు.

"ఇంకోసారి?"

"ఒకటే. మెత్తగా ఉన్నాది."

అయినా కెమెరా ఎత్తేసరికి అలవాటుగా రెప్పలు దించేశాడు. అంతకాలం నేను చేసిన అలవాటు ఒక్క పూటలో పోతుందా? "కళ్లు మూసుకునే ఉండు బావా. మూడు అంటాను. అప్పుడు తెరువు" అన్నాను. ఒకటి, రెండు, మూడు. తెరిచాడు. నొక్కాను. ఉప్పు మీంచి వెలుగు వచ్చి ఆయన మొహం మీద పడింది.

కెమెరా వెనక చూసుకున్నాను. తెరిచి ఉన్నాయి. రెప్ప వెంట్రుకలు కూడా స్పష్టంగా ఉన్నాయి. రెండు నల్లగుడ్లలోనూ ఫోటోగ్రాఫర్లు కోరుకునే వెలుగు చుక్క పడింది. నాకు కాళ్లు నేలమీద ఆనలేదు. "పడింది బావా!" అని అరిచాను. మళ్లలో పని ముగించుకుని వెళ్తున్నవాళ్లు ఆగి చూశారు. ఇంకో పది తీశాను కానీ మొదటిదే బాగుంది.

పెద్ద సైజులో వేయించి రెండు రోజుల తర్వాత పట్టుకెళ్లాను. బావ లోపల పడుకుని ఉన్నాడు. అప్ప చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఫోటోని గుమ్మం దగ్గరకి, వెలుగులోకి తీసుకెళ్లింది. నేను మెచ్చుకుంటుందని చూస్తున్నాను. అప్ప ఫోటోని దగ్గరగా పెట్టుకుని చూసింది, చెయ్యి చాపి దూరంగా పెట్టి చూసింది.

"బాగోలేదా?" అన్నాను.

"ఒరే, ఈ మనిసికి బయ్యంగా ఉన్నాదిరా" అంది.

నేను వెళ్లి పక్కన నిలబడి చూశాను. రెండు రోజులుగా ఆ ఫోటోని కంప్యూటర్లో పెట్టుకుని దిద్దుతున్నాను. వెలుగు చూశాను, చుక్క చూశాను, చర్మం రంగు చూశాను. ఆ కళ్లు ఏం చూస్తున్నాయో చూడలేదు. అప్ప అన్నాక కనబడింది. టీవీ, కుర్చీ, సుఖం అని చెప్పిన మనిషి కళ్లు కావవి. నేనింకెన్నాళ్లు అని ఎవరినైనా అడగాలనుండి, అడగడానికి ఎవరూ లేక ఊరుకున్న మనిషి కళ్లు.

"నాకు ఒక్క ముక్క సెప్పనేదు" అంది అప్ప. "నాను గోడకి ఫోటో కావాలని నీకు ఫోను సేసినాను. ఆయన ఇలగున్నాడు. నాను మేకు ఎక్కడ కొట్టాలా అని సూసుకుంతన్నాను." అప్పుడు ఏడ్చింది. చప్పుడు బయటకి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని లోపలికి వెళ్లింది. గుమ్మం బయట ఉన్న నాకు అంతా వినపడింది.

"మావా, రేపు నానూ వస్తాను నీతోటి."

"నువ్వొచ్చి ఏటి సేస్తావు? గేద..."

"గేద గడ్డి తింటాది. నాను వస్తాను."

కాసేపటికి మంచం కిర్రుమంది. తొంగి చూస్తే, ఆయన కాళ్లు ముడుచుకుని చోటిచ్చాడు, అప్ప ఆ చోట్లో కూర్చుంది.

ఆ తర్వాత బావ ఐదు నెలలు బతికాడు. అప్ప ఒక్క రోజు కూడా మానకుండా వెంట వెళ్లింది. మొదటి రోజు అక్కడ ఆ సూదుల లావు చూసి తనకే కళ్లు తిరిగాయట. పక్క కుర్చీలో కిందటి వారం ఉన్న మనిషి ఈ వారం ఉండడట. ఇవన్నీ చూస్తూ ఏడాది పాటు ఇంటికొచ్చి టీవీ చూశానని చెప్పాడు మా బావ. ఒకసారి అప్ప నాతో అంది: "సూది గుచ్చినప్పుడల్లా నా ముకమే సూస్తాడురా. రెప్ప ఎయ్యడు."

పెద్దకర్మ రోజు ఇంటి నిండా చుట్టాలు. అందరి కళ్లూ గోడ మీదకే పోతున్నాయి. ఫోటో లేదు. ఫోటోగ్రాఫరు బావమరిది ఉండి కూడా ఒక ఫోటో కట్టించలేకపోయాడా అని మా చిన్నత్త నన్ను పట్టుకుంది. కళ్లు మూసుకున్నదైనా ఒకటి పెట్టొచ్చు కదా అని ఇంకొకరు అన్నారు. నేను అప్ప వైపు చూశాను.

"ఫోటో ఉన్నాది" అంది అప్ప. "కళ్లు తెరిసిందే. నా పెట్లో ఉన్నాది."

"మరి కట్టించవేటే?" అంది చిన్నత్త.

"గోడకి కడితే వచ్చీ పోయీ పెతోళ్లూ ఆ కళ్లలోకి సూస్తారు. ఆ బయ్యం ఆయన ఊరందరికీ దాసుకున్నాడు. ఆకర్ని నాకొక్కదానికే సూపించినాడు. అది నాకే ఉంటాది."

అప్ప నా వైపు తిరిగి, ఎంతసేపలా నిలబడతావు, విస్తళ్లు వెయ్యి, జనం ఆకలితో ఉన్నారు అంది.